ఉన్నాను బావా

బావ ఫోను పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా మోగలేదు. భోజనాల బల్ల మీద నీళ్ల గ్లాసు పక్కన బోర్లా పడి ఉంది. బావ దాన్ని ఎడంచేతి వేలితో వెల్లకిలా తిప్పి చూసి, మళ్లీ బోర్లా పెట్టి, "చూశావా చిన్నీ, నీ చాడీలోడు ఇవాళ ఎంత బుద్ధిగా ఉన్నాడో," అన్నాడు. గుడ్లు పిల్లలయ్యే రోజున ఆయన మొహంలో నవ్వు చూడడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. వడ్డిస్తున్న అక్క కూడా గరిటె ఆపి చూసింది.

చిన్ని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకే వెంటనే అంతుపట్టలేదు. నోట్లో ముద్ద మాత్రం మింగుడుపడలేదు.

చిన్ని అంటే అక్కకు చెల్లెలు, బావకు మరదలు. ఆమె అసలు పేరు బడి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా పనికొచ్చిన దాఖలా లేదు. ఊళ్లో నాలుగైదు దుకాణాలకూ ఒక ఆసుపత్రికీ రెండు గిడ్డంగులకూ కంప్యూటర్లు చూసిపెట్టే పని ఆమెది. బావది హేచరీ. గుడ్లు తెచ్చి, యంత్రాల్లో పొదిగించి, పిల్లల్ని కోళ్లఫారాల వాళ్లకు ఇస్తాడు. ఊరి చివర, రోడ్డు కంటే కాస్త పల్లంలో, రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. లోపల ఒక్కొక్కటీ గదంత ఉండే పొదుగు యంత్రాలు, వాటి వెనక పిల్లల పెట్టె. పెట్టె అని పేరే గానీ అందులో ఎద్దుల జతను కట్టేయొచ్చు. గుడ్లు చివరి మూడు రోజులూ అందులోనే ఉంటాయి. పెంకు పగలగొట్టుకుని పిల్ల బయటపడేది అందులోనే. ఆ మూడు రోజులూ దాని తలుపు ముట్టుకోకూడదు. తీస్తే లోపలి తేమ ఎగిరిపోయి, పెంకు కింది పొర ఎండి పిల్ల ఒంటికి అతుక్కుంటుంది. ముక్కు మాత్రం బయటపెట్టి, మిగతా ఒళ్లు గుడ్డులోనే ఉండి, అది అలాగే చచ్చిపోతుంది.

కిందటి బ్యాచ్ అలాగే పోయింది. తలుపు ఎవరో తీశారని యంత్రం అమ్మిన కంపెనీవాడు అన్నాడు. షెడ్డులో యంత్రాలు చూసుకునే మేస్త్రే తీసి ఉంటాడని బావ అన్నాడు. తీయలేదని మేస్త్రి అన్నాడు. ఎవరి మాటకూ ఆధారం లేదు. పిల్లల కోసం చెప్పి ఉంచిన కోళ్లఫారాల వాళ్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. పాత పరిచయం కొద్దీ ఒక్క పెద్దాయన మాత్రం "ఇంకొక్క బ్యాచ్ చూస్తాను" అన్నాడు. ఆ ఒక్క బ్యాచ్ ఇవాళ పిల్లలవుతోంది. "ఇది కూడా పోయిందంటే షెడ్డుకు తాళం వేసి తాళంచెవి నూతిలో పారేస్తాను," అని బావ వారం రోజుల నుంచి ఇంటిల్లిపాదికీ చెబుతూనే ఉన్నాడు.

కిందటి బ్యాచ్ పోయిన మర్నాడే ఆయన మరదల్ని పిలిచాడు.

"యంత్రాల్లో ఏం జరిగినా నాకు తెలియాలి. చీమ చిటుక్కుమన్నా తెలియాలి. ఒక్క మాట కూడా జారిపోకూడదు. రేపు ఎవడైనా తలుపు తీయలేదని బుకాయిస్తే వాడి మొహాన కొట్టేలా ఉండాలి."

"అదేం బ్రహ్మవిద్య కాదు బావా," అంది చిన్ని. ప్రతి యంత్రానికీ కడుపులో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. అది పొద్దస్తమానం ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. తలుపు తెరిచారు, తలుపు మూశారు, వేడి పెరిగింది, తేమ తగ్గింది అని. వినేవాడు లేక ఆ మాటలు గాల్లో కలిసిపోతున్నాయి. ఆఫీసు గదిలోని కంప్యూటర్లో సర్వీసు అనే చిన్న ప్రోగ్రాం పెడితే, అది తెరమీద కనపడకుండా వెనక కూర్చుని, అన్ని యంత్రాల మాటలూ విని, వేళతో సహా రాసిపెడుతుంది. మరీ ముఖ్యమైనవి బావ ఫోనుకు పంపుతుంది.

బావ అంతా విని, "అంటే చాడీలు మోసేవాడన్నమాట," అన్నాడు. అప్పటి నుంచి దానికి చాడీలోడనే పేరు స్థిరపడిపోయింది. మేస్త్రికి ఆ పేరు నచ్చింది గానీ ఆ మనిషి నచ్చలేదు. లోపల మనిషే లేడని చిన్ని ఎన్నిసార్లు చెప్పినా, ఆఫీసు గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అటువైపు ఓరచూపు చూసి గొంతు సవరించుకునేవాడు.

ఏ మాట ఫోనుకు పంపాలి, ఏది ఊరికే రాసి ఉంచాలి అని చిన్ని అడిగితే బావ "అన్నీ పంపు" అన్నాడు. మర్నాడు మంగలి కుర్చీలో సగం గడ్డానికి సబ్బు నురగతో కూర్చుని ఉండగా ఫోను ఆగకుండా మోగడం మొదలెట్టింది. ఆ నురగతోనే వీధిలోకి వచ్చి ఫోన్ చేసి, "ప్రాణం మీదికి వచ్చేవే పంపు తల్లీ," అన్నాడు. అలా ఒక్కో మెట్టూ దిగి ఆ అమరిక కుదిరింది.

రెండు విషయాలు మాత్రం కుదరాల్సినట్టు కుదరలేదు. చిన్నికి ముద్ద దిగకపోవడానికి కారణం ఆ రెండే.

మొదటిది, ఒక్క మాటా జారిపోకూడదన్న బావ పట్టుదల. మామూలుగా యంత్రం తన మాట చెప్పేసి తన పని తాను చూసుకుంటుంది. విన్నవాడు విన్నాడు, లేకపోతే లేదు. బావ దానికి ఒప్పుకోలేదు. అందుకని చిన్ని, చాడీలోడు "రాసుకున్నాను" అని బదులిచ్చాకే యంత్రం తర్వాతి పనిలోకి దిగేలా పెట్టింది. చాడీలోడు పలకకపోతే యంత్రం ఏం చేస్తుందన్న ప్రశ్న ఆమెకు రాకపోలేదు. వచ్చింది. ఈ బ్యాచ్ గట్టెక్కాక చూద్దాంలే అనుకుంది.

రెండోది నవ్వులాటకు మొదలైంది. ఇలాంటి సర్వీసుకు ఒక అలవాటు నేర్పొచ్చు. చెప్పడానికి ఏమీ లేకపోయినా, అరగంటకోసారి తాను బతికే ఉన్నానని ఒక ముక్క పంపుతుంది. ఆ ముక్క ఏదైనా కావచ్చు. చిన్ని కొంటెతనం పోక "ఉన్నాను బావా" అని పెట్టింది.

మొదటి రోజు అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. రెండో రోజు దాణా వ్యాపారి బావ పక్కన కూర్చుని టీ తాగుతూ ఫోను తెర చూశాడు.

"ఎవరండీ, అరగంటకోసారి ఉన్నానని గుర్తుచేస్తోంది?"

"అది మనిషి కాదయ్యా. మా మరదలు పెట్టింది."

"మరదలా," అని దాణా వ్యాపారి టీ గ్లాసు కింద పెట్టాడు. "అట్లా చెప్పండి మరి."

ఆ తర్వాత ఏ వివరణా పనిచేయలేదు. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి "ఉన్నాం బావా" అని కేకేసేవాళ్లు. దాణా బస్తాలు దింపే కూలీలు ఒకరినొకరు అలాగే పలకరించుకునేవాళ్లు. అక్క నవ్వడం మానేసింది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఉన్నాను గిన్నాను తీసెయ్. లేనప్పుడు చెబితే చాలు."

"లేనివాడు లేనని ఎలా చెబుతాడు బావా?"

"నాకు తర్కం చెప్పకు. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను."

మాట మార్చి ఇంకో మాట పెడితే సరిపోయేది. కానీ చిన్నికి రోషం వచ్చింది. తీసెయ్యమన్నారుగా, తీసేస్తా అనుకుని, ప్రోగ్రాంలో ఆ వరస ముందు, దీన్ని వదిలెయ్ అనే గుర్తు ఒకటి పెట్టి ఆ అలవాటునే పూర్తిగా నిద్రపుచ్చింది.

ఇప్పుడు పళ్లెం ముందు కూర్చుని, బోర్లా పడి ఉన్న ఆ ఫోను వైపే చూస్తోంది.

"బావా, తేమ ఎక్కువైందని కూడా రాలేదా?"

"రాలేదనే కదా చెబుతోంది."

"పిల్లలు తడి ఒంటితో బయటికొస్తాయి కాబట్టి ఈ రోజు తేమ పెరక్క మానదనీ, యంత్రం గోల పెట్టక మానదనీ మీరే అన్నారు."

"అన్నాను. ఈసారి పెట్టలేదు. నీ చెయ్యి మంచిది."

చిన్ని లేచి చెయ్యి కడుక్కుంది. ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్లబోయింది. అది పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. ఆ తర్వాత తెర మీద తెల్లటి చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. లోపలికి ఎవరొచ్చారో రాసుకున్నాకే తలుపు తీసే పద్ధతి ఆ కంప్యూటర్ది. రాసుకునేవాడు చేతులెత్తేస్తే తలుపు తెరుచుకోదు. ఈ లక్షణం ఆమె ఇంతకుముందు ఒక గిడ్డంగిలో చూసింది. నెట్ బాగా లేకపోయినా ఇలాగే అవుతుంది, అదీ చూసింది. ఇది ఏదో తేల్చుకోలేకపోయింది.

మేస్త్రికి ఫోన్ చేసింది.

"పెట్టె ఎలా ఉంది మేస్త్రీ?"

"బ్రహ్మాండం చిన్నమ్మా. ఇలాంటి బ్యాచ్ నా సర్వీసులో చూడలేదు. తలుపు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఈగను కూడా వాలనివ్వట్లేదు."

"వేడి ఎంత చూపిస్తోంది?"

"ముప్పై ఏడు పాయింటు రెండు. ఇందాక టీ తాగేటప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

"తేమ?"

"అదీ అంతే. రాయి నిలబడ్డట్టు నిలబడింది. ఇసుమంత కదల్లేదంటే నమ్ము."

నమ్మింది. నమ్మబట్టే భయం ఎక్కువైంది. బతికున్న యంత్రంలో ఆ చివరి అంకె ఒక్కచోట నిలవదు. పైకి, కిందికి, మళ్లీ పైకి. వేలకొద్దీ పిల్లలు పెంకులు పగలగొట్టుకుంటున్న రోజున అసలే నిలవదు.

"ఫ్యాను తిరుగుతోందా?"

"చప్పుడు వినపడట్లేదా?"

వినపడుతోంది. కానీ ఫ్యాను ఎవరినీ అడగదు. ఒకసారి మీట వేస్తే అదే తిరుగుతూ ఉంటుంది. లోపలి గాలి బయటికి పోవడానికి గొట్టంలో ఒక రేకు తలుపుంటుంది. అది తెరుచుకోవాలంటే మాత్రం ఆ చిన్న కంప్యూటర్ చెప్పాలి.

"మేస్త్రీ, నిచ్చెనెక్కి పైన గాలి గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఫోను పెట్టేయకు."

"దేనికమ్మా?"

"చూడు ముందు."

నిచ్చెన ఈడ్చిన చప్పుడు. మేస్త్రి మోకాళ్లను తిట్టుకుంటూ ఎక్కుతున్న చప్పుడు. ఎంగిలి చేత్తోనే బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన వెనక గరిటెతో అక్క. చిన్ని ఫోను స్పీకర్లో పెట్టింది.

"అమ్మా," అన్నాడు మేస్త్రి. "గాలి రావట్లేదు. రేకు మూసుకునే ఉంది."

"తలుపు తియ్యి."

మేస్త్రి నిచ్చెన దిగిన చప్పుడు వినపడింది, గడియ చప్పుడు మాత్రం రాలేదు.

"మేస్త్రీ, వినపడుతోందా? పెట్టె తలుపు తియ్యి."

"వినపడింది చిన్నమ్మా. నేను తీయను. కిందటిసారి తీయని తలుపుకే నెల రోజులు తిట్లు తిన్నాను. ఇవాళ నిజంగా తీస్తే సారు నన్ను అందులో పెట్టి పొదిగిస్తారు. సారుతో చెప్పించు."

బావ ఫోను అందుకోలేదు. "తలుపేమిటి? ఇంకా సగం గుడ్లు పగిలే ఉండవు. ఇప్పుడు తీస్తే కిందటిసారి ఏమైందో అదే అవుతుంది. అంకె బాగుంది. ఫ్యాను తిరుగుతోంది. నా ఫోనుకు ఒక్క చాడీ రాలేదు."

"రాలేదు కాబట్టే బావా. చాడీలోడు పడిపోయాడు. వాడు పడిపోతే యంత్రాలన్నీ చేతులు కట్టుకుని వాడి బదులు కోసం నిలబడతాయి. ఆ అంకె ఇప్పటిది కాదు. ఆగిపోయినప్పటిది."

"అలా ఎవడు పెట్టాడు?"

"నేనే."

బావ ఫోను వైపు చూశాడు. "ఖాయమా?"

చిన్ని లెక్క వేసుకుంది. లోపల వేడి తక్కువగా ఉంటే రేకు మూసుకునే ఉంటుంది, అందులో తప్పేం లేదు. పాస్‌వర్డ్ దగ్గర ఆగింది నెట్ వల్ల కావచ్చు. అంకె గురించి చెప్పింది అద్దాలు పెట్టుకోవడం నామోషీ అనుకునే మేస్త్రి. మూడూ కలిపి చూస్తే ఒకటే కథ చెబుతున్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ ఏమీ చెప్పడం లేదు. తన లెక్క తప్పితే, బాగున్న బ్యాచ్‌ను తన నోటితో తనే చంపినట్టు. ఒప్పయితే, ఇక్కడ నిలబడి మాట్లాడుకుంటున్న ఒక్కో మాటకూ అక్కడ ఊపిరి తగ్గిపోతోంది.

"ఖాయం కాదు," అంది.

"అయితే?"

"అయినా తీయమనే అంటాను."

బావ అక్క వైపు చూశాడు. ఆయనకు యంత్రాల సంగతి అక్కను అడిగే అలవాటు ఎప్పుడూ లేదు. అక్క గరిటె బల్ల మీద పెట్టి, "చెప్పండి," అంది.

"మేస్త్రీ," అన్నాడు బావ. ఫోను దగ్గరికి వంగి మళ్లీ అన్నాడు. "మేస్త్రీ, తలుపు తియ్యి. బార్లా తియ్యి."

గడియ లాగిన మోత వినపడింది. తర్వాత మేస్త్రి ఏదో అనబోయి దగ్గాడు. ఆ దగ్గు వెనక నుంచి పిల్లల అరుపులు వినపడ్డాయి. పుట్టిన కోడిపిల్లల గది ఎలా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు, చెవులు దిమ్మెక్కిపోతాయి. ఇది అలా లేదు. పలచగా, అక్కడొకటీ ఇక్కడొకటీ.

"సార్, ఆవిరి కొట్టేసింది. నోళ్లు తెరుచుకుని పడున్నాయి సార్."

బావ అప్పటికే వ్యాను తాళాలు తీసుకుని గుమ్మం దాటాడు.

దారంతా ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని చిన్ని అనుకుంది. ఆయన ఎంగిలి చెయ్యి స్టీరింగు మీదే ఎండిపోయింది. వెనక సీటులో అక్క, ఇంటికి తాళం వేశానా లేదా అని ఒకసారి పైకి అనుకుని ఊరుకుంది. మేస్త్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు చేతులూ పనిలో ఉంటే ఎత్తడు. లేకపోతే ఎత్తి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చిన్ని రెండోదాన్ని తలలోంచి నెట్టేయాలని చూసింది. మలుపు దగ్గర ఇటుకల లారీ ఒకటి వెనక్కి తిరుగుతూ దారి అడ్డంగా నిలబడింది. దాని డ్రైవరు బావను గుర్తుపట్టి పళ్లు బయటపెట్టాడు.

"ఉన్నాం బావా," అని కేకేశాడు.

బావ బదులు పలకలేదు. ఆ మొహం చూసి డ్రైవరు నవ్వు మానుకుని లారీని గబగబా పక్కకు తీశాడు.

"వాడెందుకు పడిపోయాడు?" అన్నాడు బావ లారీ దాటాక.

"చూస్తేగానీ తెలియదు," అంది చిన్ని. ఆమెకు ఒక అనుమానం మాత్రం అప్పటికే వచ్చింది.

షెడ్డులో పిల్లల పెట్టె తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. వేడి ఆవిరి, తడి ఈకలు, పగిలిన గుడ్ల వాసన గుమ్మం దాకా కొట్టింది. మేస్త్రి చొక్కా విప్పేసి, అట్టపెట్టె మూతతో పిల్లల మీదికి గాలి విసురుతున్నాడు. ఇద్దరు పనివాళ్లు పై అరల ట్రేలు కిందికి దించుతున్నారు. పై అరల్లో కదలిక లేదు. మధ్య అరల్లో పిల్లలు రెక్కలు దూరంగా పెట్టి, ముక్కులు తెరిచి, వగరుస్తున్నాయి. అక్క ఎవరినీ ఏమీ అడక్కుండా ఇంకో అట్టమూత తీసుకుని మేస్త్రి పక్కన నిలబడి విసరడం మొదలుపెట్టింది.

చిన్ని కూడా ఒక అట్టమూత అందుకోబోయింది. కానీ ఆమె పని అక్కడ లేదు. తలుపు ఇలా ఎంతసేపో తెరిచి ఉంచడానికి లేదు. ఇంకా పగలని గుడ్లు ఎండిపోతాయి. తలుపు మూయాలంటే రేకు తెరుచుకోవాలి. రేకు తెరుచుకోవాలంటే చాడీలోడు లేవాలి. ఆఫీసు గదిలోకి పరిగెత్తింది.

అక్కడా పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతుందని ఆమెకు భయం. అదృష్టవశాత్తూ కిందటిసారి వచ్చినప్పుడు తాళం వేయకుండా వదిలేసిన తెర ఒకటి అలాగే తెరిచి ఉంది. అలా వదిలేయకూడదని ఆసుపత్రి వాళ్లకు ఆమె ఎన్నోసార్లు క్లాసు పీకింది. కూర్చుని చూసింది. డిస్కు నిండిపోయింది. ఇంకో అక్షరం పట్టే చోటు లేదు.

దేనితో నిండిందో చూడడానికి ఫైలు చివరి భాగం తెరిచింది. రెండో యంత్రం: తలుపు తెరిచారు. రెండో యంత్రం: తలుపు మూశారు. తెరిచారు. మూశారు. తెర కింది నుంచి పై దాకా అదే, ఎంత వెనక్కి వెళ్లినా అదే. రెండో యంత్రం గడియ వదులు. ఫ్యాను గాలికి తలుపు వెంట్రుకవాసి వణుకుతుంటుంది. వణికినప్పుడల్లా అది ఒక మాట. ఇలాంటి చిల్లర మాటలు రాయొద్దని మిగతా యంత్రాలకు చెప్పింది. రెండో యంత్రంతో మొదటి రోజు పరీక్షలు చేసింది కాబట్టి, దానికి మాత్రం అన్నీ రాయమని పెట్టి, ఆ తర్వాత మార్చడం మరిచిపోయింది. చాడీలోడు ఆ ఒక్క వదులు తలుపు గురించి రాసి రాసి, కాగితం అయిపోయి, కలం పట్టుకునే గుడ్లు తేలేశాడు.

మేస్త్రి తప్పు కాదు. యంత్రం కంపెనీది కాదు. పెట్టింది తను, మరిచింది తను, నిద్రపుచ్చింది తను.

పాత ఫైలు చెరిపేసింది. తొందరలో ఆదేశం రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి సర్వీసు లేచింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత షెడ్డు వెనక నుంచి, పైన గొట్టంలో, రేకు కదిలిన "టక్" చప్పుడు గోడలోంచి వినిపించింది.

బయట బావ ఫోను మోగింది.

చిన్ని తలుపు దగ్గరికొచ్చి చూసింది. బావ చేతిలో ట్రే మేస్త్రికిచ్చి, లుంగీకి తడి తుడుచుకుని, ఫోను తీసి చదువుతున్నాడు. అందులో ఏముందో చిన్నికి తెలుసు, ఆఫీసు తెర మీద కూడా అదే వచ్చింది. పిల్లల పెట్టె: తేమ ఎక్కువ, గాలి రేకు తెరుస్తున్నాను. పక్కన పొద్దుటి వేళ వేసి ఉంది. చెప్పి చేయడం ఆ యంత్రం పద్ధతి. చెప్పబోయింది. విన్నానన్న మాట రాకపోయేసరికి, చెయ్యి చాచినది చాచినట్టే ఆగిపోయింది.

బావ ఆ మాటను చాలాసేపు చదివాడు. చదువుతున్నంతసేపూ మళ్లీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నట్టు కళ్లు కదిలాయి. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, "తలుపు మూయండి," అన్నాడు పనివాళ్లతో.

"సార్, మూస్తే మళ్లీ..." అన్నాడు మేస్త్రి.

"అంకె చూడు."

అంకె ముప్పై ఏడు పాయింటు రెండు దగ్గర లేదు. ముప్పై ఆరుకు పడిపోయి, మెల్లగా, ఆగి ఆగి, పైకి వస్తోంది. మేస్త్రి జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని మరీ చూశాడు. ఆయనకు అద్దాలున్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఇక చేసేదేమీ లేదు, చూడడం తప్ప. తలుపు అద్దానికి అటువైపు ఆవిరి పట్టి ఏమీ కనపడదు. అందరూ అరుపులు వింటూ నిలబడ్డారు. పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని ఒకరినొకరు అడగడానికి భయం. చిన్ని ఆఫీసు గదిలోకి వెళ్లి, ఈ బ్యాచ్ గట్టెక్కాక చూద్దామనుకున్న పనులన్నీ అప్పుడు చేసింది. రెండో యంత్రానికి చిల్లర మాటలు బంద్. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే ఒక్కసారి రాసి, ఇంకా అదే పాట అని ఊరుకో. డిస్కు మూడొంతులు నిండితే ముందే మొత్తుకో. ముఖ్యంగా, వినేవాడు లేకపోతే వాడి మొహం చూస్తూ నిలబడకు, నీ పని నువ్వు చేసుకో. ఆఖరున నిద్రపుచ్చిన ఆ వరస దగ్గరికొచ్చి ముందున్న గుర్తు తీసేసింది. మాట మాత్రం మార్చింది. "సర్వీసు పనిచేయుచున్నది" అని పెట్టింది.

సాయంత్రం తలుపు తీయాల్సిన వేళకు తీశారు. పై అరలు మొత్తం పోయాయి. మధ్య అరల్లో నిలబడ్డవీ ఉన్నాయి, నిలబడనివీ ఉన్నాయి. కింది అరలు బతికాయి. పెట్టె తలుపు రబ్బరు పాతబడి, కింద అక్కడక్కడా ఊడి ఉంది. మార్చమని మేస్త్రి ఏడాది నుంచి పోరుతున్నాడు, బావ వాయిదా వేస్తున్నాడు. ఆ సందుల్లోంచే కిందివాటికి ఊపిరి అందింది. ఈ సంగతి బయటపడ్డప్పుడు ఇద్దరూ ఆ రబ్బరు వైపే చూశారు.

కోళ్లఫారం పెద్దాయన తన వ్యానులో వచ్చాడు. ఒక పిల్లను అరిచేతిలోకి తీసుకుని, బొడ్డు చూసి, వెల్లకిలా పడుకోబెట్టాడు. అది ఒక్క తన్ను తన్ని లేచి నిలబడింది.

"పిల్ల గట్టిదే. అనుకున్నన్ని లేవే," అన్నాడు.

చిన్ని నోరు తెరవబోయింది. బావ ముందే అందుకున్నాడు.

"లేవు. గాలి ఆగింది. మధ్యలో తలుపు తీయించాల్సి వచ్చింది. నేనే తీయించాను."

"నువ్వు తలుపు తీయించావా," అన్నాడు పెద్దాయన నమ్మలేనట్టు. పిల్లను మళ్లీ ట్రేలో వదిలి, తడి చెయ్యి పంచెకు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. ఆ కాసేపూ అక్క పైట కొంగు నలుపుతూనే ఉంది. "సరే, ఉన్నవి ఎక్కించు. వచ్చే బ్యాచ్ సంగతి వీటిని పదిరోజులు పెంచి చూశాక చెబుతాను."

అవునని కాదు, కాదని కాదు. షెడ్డు తాళంచెవి మాత్రం ఇంకో పదిరోజులు నూతిలో పడకుండా మిగిలింది.

పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తుంటే బావ మేస్త్రి పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"కిందటిసారి నువ్వు తీయలేదు కదూ."

"తీయలేదు సార్."

"ఊఁ," అన్నాడు బావ. మేస్త్రి మోస్తున్న పెట్టెకు రెండో వైపు తనే పట్టాడు.

ఇంతలో ఫోను మోగింది. బావ ఉలిక్కిపడి పెట్టె దాదాపు వదిలేయబోయాడు. తీసి చదివి మొహం చిట్లించాడు.

"చిన్నీ, ఇదెవరు? పనిచేయుచున్నది అట. కోర్టు నుంచి నోటీసు వచ్చినట్టుంది."

"మీ చాడీలోడే బావా. అరగంటకోసారి వస్తుంది. మళ్లీ పెట్టాను."

"పెడితే పెట్టావు, ఇలా పెడతావా? గుండె ఆగినంత పనైంది. పాతదే పెట్టు."

"దాణా వ్యాపారి?"

"వాడి సంగతి నేను చూసుకుంటాను."

చిన్ని అక్క మొహం చూసింది. అక్క ఈకలంటిన చేతులు దులుపుకుంటూ, "నా ఫోనుకు కూడా పెట్టు," అంది.

"నీకెందుకే అక్కా?"

"మీ బావ చూసుకోకపోతే చూడ్డానికి ఇంకొకరు ఉండొద్దూ."

"నీకేమని రావాలి మరి? ఉన్నాను అక్కా అనా?"

"వద్దు, ఉన్నాను బావా అనే రానీ. ఇంతమంది పిలవగా లేనిది నేను బావనైతే తప్పేంటి."

మేస్త్రి నవ్వాడు. పొద్దుటి నుంచి ఆ షెడ్డులో ఎవరైనా నవ్వడం అదే మొదలు. చిన్ని లోపలికి వెళ్లి మార్చి వచ్చింది.

మిగిలిన పెట్టెలు ఎక్కించారు. ఎక్కిస్తూ బావ రెండుసార్లు జేబు తడుముకున్నాడు. అక్క తన ఫోను చేతిలోనే పట్టుకుని తిరుగుతోంది. ఆఖరి పెట్టె లోపలికి పోయేసరికి అరగంట అయీ కాకుండా ఉంది. పెద్దాయన తన వ్యాను దగ్గర నిలబడి, వీళ్లంతా దేనికోసం ఆగారో తెలియక చూస్తున్నాడు.

అక్క ఫోను మోగింది.

బావ ఫోను మోగలేదు. ఆయన దాన్ని జేబులోంచి తీసి, అరిచేతిలో పెట్టుకుని, చూస్తూ నిలబడ్డాడు. చిన్ని ఆఫీసు గది వైపు ఒక అడుగు వేసింది. లోపల పిల్లల పెట్టె ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది, దాన్ని ఇక ఎవరూ నమ్మడం లేదు. మేస్త్రి వ్యాను తలుపు మీద చెయ్యి వేసి, మూయకుండా ఆగాడు.

మోగింది.

బావ చదివి, తలెత్తకుండానే, "ఉన్నాడు," అన్నాడు. మేస్త్రి వ్యాను తలుపు మూశాడు.